రబ్బరు ఎర... ఇసుక చేప!

‘‘ఏంట్రా ఇది?’’

కొడుకు అరచేతిలో పెట్టిన వస్తువును పెద్దాయన అటూ ఇటూ తిప్పి చూశారు. మూడంగుళాల రబ్బరు చేప. తోక పల్చగా ఉంది. చెయ్యి కదిలితే చాలు, వణుకుతోంది. మూతి దగ్గర బఠాణీ గింజంత సీసం గుండు. వీపు మీంచి పైకి పొడుచుకొచ్చిన గాలపు ముల్లు.

‘‘ఎర, నాన్నగారూ.’’

‘‘వాసన లేదు, రుచి లేదు, ప్రాణం లేదు. దీన్ని మింగడానికి మీ ఊరి చేపలకు మతి లేదా?’’

పక్కనే నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న తొమ్మిదేళ్ల మనవడు పకపకా నవ్వాడు. అది 2024 డిసెంబరులో ఓ ఆదివారం. తెల్లవారి ఇంకా అరగంట కూడా కాలేదు. సిడ్నీ నగరానికి దక్షిణాన, పోర్ట్ హ్యాకింగ్ అనే ఉప్పుటేరు. హ్యాకింగ్ నది వచ్చి సముద్రంలో కలిసే చోటు. ఓ పక్క ఇళ్లు, పడవలు. మరో పక్క 1879లోనే జాతీయ పార్కుగా ప్రకటించిన రాయల్ నేషనల్ పార్క్ అడవి. మధ్యలో, పాటు సమయంలో బయటపడే ఇసుక దిబ్బలు. మోకాలి లోతు నీళ్లలో నడిచి ఎంత దూరమైనా వెళ్లొచ్చు.

పెద్దాయనది కోనసీమ. ఇరిగేషన్‌లో లాకు సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరయ్యారు. ముప్ఫయ్యేళ్లు కాలువ గట్టు మీదే బతుకు. తలుపులు ఎప్పుడెత్తాలి, ఏ కాలువకు ఎన్ని నీళ్లు పోవాలి... అదే ధ్యాస. కొడుకు సాఫ్ట్‌వేర్. పశ్చిమ సిడ్నీలో, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే పేటలోనే ఇల్లు. అమ్మానాన్నలను ఆర్నెల్ల వీసా మీద రప్పించుకున్నాడు. మొదటి నెల అంతా బాగానే గడిచింది. ఒపేరా హౌస్ చూశారు, కంగారూలను చూశారు, గుడికెళ్లారు. రెండో నెల నుంచి పెద్దాయనకు మాట పడిపోయినట్లయింది. పొద్దున పదింటికల్లా ఇల్లు ఖాళీ. వీధిలో మనిషి కనిపించడు. పెద్దావిడకు వంటిల్లుంది, టీవీ ఉంది, పక్కవీధిలో ఓ గుంటూరావిడ దొరికింది. ఆయనకు ఏముంది? పిల్లల్ని చూడ్డానికి విదేశాలకు వెళ్లొచ్చిన ఏ తండ్రిని అడిగినా ఆ మూడో నెల సంగతి చెబుతారు!

అందుకే కొడుకు ఆ ఆదివారం నాలుగింటికి లేపి కారెక్కించాడు. దారిలో చెప్పాడు, చేపలకని. ఆయన ఏమీ అనలేదు. అనడానికి ఓ పాత సంగతి అడ్డం ఉంది. కొడుకు పదో తరగతి చదివేటప్పుడు, పరీక్షల ముందు వారం, కాలువ గట్టు మీద గాలంతో దొరికాడు. ఆయన ఆ వెదురు గెడను మోకాలి మీద పెట్టి రెండు ముక్కలు చేశారు. తర్వాత ఇద్దరూ దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. కొడుకు మళ్లీ గాలం పట్టింది ముప్ఫై అయిదేళ్లు దాటాక, ఇక్కడ.

తలే బల్లపరుపు

వాళ్లు పట్టడానికి వెళ్లిన చేప పేరు ఫ్లాట్‌హెడ్. పేరులో ఉన్నట్టే తల బల్లపరుపుగా ఉంటుంది. రోకలితో అణగ్గొట్టినట్టు! తల పెద్దది, నోరు ఇంకా పెద్దది, అక్కణ్నుంచి ఒళ్లు తోక దాకా సన్నబడుతూ పోతుంది. కళ్లు రెండూ నెత్తి మీద. ఎందుకంటే అది చూడాల్సింది పైకే. ఇసుకలో ఒళ్లంతా కప్పుకుని, కళ్లు మాత్రం బయటపెట్టి పడుకుంటుంది. మీద నుంచి చిన్న చేపో రొయ్యో పోతే, ఒక్క దూకు. మళ్లీ ఇసుకలోకి. చేపల్లో ఇంత సోమరి ఇంకోటి ఉండదనిపిస్తుంది గానీ, అది సోమరితనం కాదు. మాటు వేయడం.

ఫ్లాట్‌హెడ్‌లలో చాలా రకాలున్నాయి. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో, ఉప్పుటేళ్లలో దొరికే ‘డస్కీ ఫ్లాట్‌హెడ్’ అన్నిటికన్నా పెద్దది. మీటరు దాటి పెరగగలదు. అక్కడి దుకాణాల్లో ఫిష్ అండ్ చిప్స్ అంటూ కాగితంలో చుట్టి ఇచ్చే వాటిలో ఫ్లాట్‌హెడ్‌కు ఉన్న గిరాకీ అంతా ఇంతా కాదు. తెల్లటి కండ, ముళ్లు తీయడం తేలిక. ఈ కుటుంబం మనకేమీ పరాయిది కాదు. దాని చుట్టం ఒకటి మన తీరంలోనూ ఉంది. శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరులోనే ‘ఇండికస్’ అని ఉంది. ఇంతకు ముందే ఓసారి చేపల దుకాణంలో బారముండి అనే బోర్డు కింద మన పండుగప్పను చూసి పెద్దాయన గుర్తుపట్టారు. పరదేశంలో బంధువు కనిపించినంత సంబరపడ్డారు పాపం. ఈ బల్లతలను మాత్రం ఆయన ఎరగరు.

కోనసీమలో ఆయనకు తెలిసిన గాలం వేరు. వెదురు గెడ, దారం, నెమలీక కాడతో చేసిన బెండు, కొబ్బరి చిప్ప నిండా తడిమట్టిలో ఎర్రలు. బెండు మునిగితే లాగడమే. కొర్రమీనుకైతే కప్పపిల్ల. అసలు ఆ పూట ఆయనకు మొదట కోపం తెప్పించింది రబ్బరు చేప కాదు, రసీదు. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో గాలం వేయాలంటే పెద్దవాళ్లు సాధారణంగా రుసుం కట్టాలి, చుట్టపు చూపుగా వచ్చినవాళ్లయినా సరే. కొడుకు ముందే ఫోన్లో కట్టేశాడు. ‘‘నీళ్లలో దారం వేయడానికి రసీదా? మేం లాకు దగ్గర ఒక్కణ్నీ అడగలేదు’’ అని ఆయన గొణుక్కున్నారు.

కింద తగలాలి

ఈ పనిలో నేర్చుకోవాల్సింది నిజానికి ఒకటే. అదే కష్టం.

ఏడడుగుల సన్నటి కర్ర, చిన్న చక్రం. దానికి అల్లిన దారం. వెంట్రుకంత సన్నగా ఉంటుంది, మూడు నాలుగు కిలోల బరువు లాగుతుంది. చివర్లో ఒక మీటరు మాత్రం ఇంకాస్త మందపాటి, నీళ్లలో కనిపించని తీగ. ఎందుకంటే ఫ్లాట్‌హెడ్ పళ్లు చిన్నవే అయినా ఆకురాయిలా గరుగ్గా ఉంటాయి. దారాన్ని కొరకవు, అరగదీస్తాయి. రబ్బరు చేపను విసరాలి. అది మునిగి అడుగుకు తగిలేదాకా ఆగాలి. తగిలిందని ఎలా తెలుస్తుంది? అప్పటిదాకా బిగువుగా ఉన్న దారం సన్నగా వదులవుతుంది. అప్పుడు కర్ర కొసను రెండుసార్లు పైకి విదిలించాలి. రబ్బరు చేప ఇసుకలోంచి ఉలిక్కిపడి లేచినట్టు లేస్తుంది. మళ్లీ వదిలేయాలి. మళ్లీ ఇసుక మీదికి దిగాలి. దిగేటప్పుడే పడుతుంది దెబ్బ! లేచేటప్పుడు చూస్తుంది, పడేటప్పుడు అందుకుంటుంది.

కొత్తవాళ్లంతా చేసే తప్పు ఆ ఆగడం దగ్గరే. పెద్దాయనా అదే చేశారు. విసరడం, గబగబా చుట్టేయడం. రబ్బరు చేప నీళ్ల మధ్యలో ఈదుకుంటూ వచ్చేస్తుంది. కింద పడుకున్న దానికి అది ఆకాశంలో పోయే విమానం. ‘‘ఆగాలి తాతయ్యా. బాటమ్ తగలాలి’’ అని మనవడు పదిసార్లు చెప్పాడు. ‘‘లోతెంత? నడుం దాకా కూడా లేదు. ఇందులో ఏం చేపరా?’’ అన్నారాయన. లోతు చూసి వెళ్లిపోయేవాళ్లు చాలామందే ఉంటారు. కానీ ఈ చేప పెద్దవి కూడా అడుగు, రెండడుగుల నీళ్లలోకి వచ్చి పడుకుంటాయి. తిండి అక్కడే ఉంటుంది కాబట్టి.

మొదటి ఆదివారం ఆయనకు దొరికింది నీటిపాచి. కొడుక్కి రెండు చేపలు. రెండో ఆదివారం మూడు రబ్బరు చేపలు రాళ్లకు సమర్పణ. మనవడికి ఒకటి, 33 సెంటీమీటర్లు. కొలిచి వదిలేశాడు. ఎర రంగు మార్చి చూద్దామా అని కొడుకు పెట్టె తెరిచాడు. పచ్చవి, గులాబీవి, మెరుపులద్దినవి, రెండు రంగుల తోకలవి. దుకాణాల్లో గోడ నిండా ఇవే. ఆ రంగులు చేపల్ని పట్టడానికన్నా మనుషుల్ని పట్టడానికే ఎక్కువ పనికొస్తాయేమో! పెద్దాయన ఆ పెట్టె వైపు చూడలేదు. నీళ్ల వైపు చూస్తున్నారు.

పాటు మొదలైంది. ఇసుక దిబ్బ మీద పల్చగా పరుచుకున్న నీళ్లు వెనక్కి మళ్లుతున్నాయి. అన్ని చోట్లా ఒకేలా పోవడం లేదు. కంటికి కనిపించనంత చిన్న పల్లాల్లోంచి పాయలు కట్టి, ఒక పెద్ద పాయలో కలిసి, దిబ్బ అంచు దగ్గర లోతు నీళ్లలోకి జారుతున్నాయి. పొలాల్లోంచి మురుగు బోదెలోకి దిగినట్టు. ముప్ఫయ్యేళ్లు ఆయన చూసిందదే కదా!

‘‘ఆ దిబ్బ మీదున్న చిన్న చేపలన్నీ ఎటు పోవాలిరా?’’ అని అడిగారు.

‘‘నీళ్లు పోతే అవీ పోవాలి.’’

‘‘అయితే ఆ బోదె నోటి దగ్గరేగా ఉండేది నీ చేప. ఇక్కడెందుకు వేస్తున్నావ్?’’

కొడుకు కర్ర దించేశాడు. నాలుగేళ్లుగా అక్కడికి వస్తున్నాడు. పాటు ఆఖరి రెండు గంటల్లో చేపలు బాగా పడతాయని తెలుసు, దిబ్బ అంచున పడతాయనీ తెలుసు. ఏ అంచున అన్నది మాత్రం అదృష్టమనుకునేవాడు. ముగ్గురూ కాళ్లు ఈడ్చుకుంటూ అటు నడిచారు. ఇసుకలో టేకు చేపలుంటాయి. అడుగులెత్తి వేస్తే వాటి మీద పడొచ్చు, ఈడిస్తే అలికిడికి అవే తప్పుకుంటాయి. నీలం రంగు గుండ్రటి చిన్న పీతలు వందలాదిగా దండు కట్టి ముందు పరుగెడుతున్నాయి. బోదె నోటికి పైనుంచి విసిరారు పెద్దాయన. ఆగారు. ఈసారి నిజంగానే ఆగారు. రెండు విదిలింపులు. దారం దిగుతోంది.

టక్.

తలుపు మీద వేలితో కొట్టినట్టు, అంతే. చెయ్యి దానంతటదే పైకి లేచింది. వచ్చింది 44 సెంటీమీటర్ల ఫ్లాట్‌హెడ్. సంతోషం పట్టలేక వట్టి చేత్తో పట్టుకోబోయారు. దాని చెంపలకు రెండు వైపులా ముళ్లుంటాయి, తల అటూ ఇటూ కొట్టి వాటినే వాడుతుంది. బొటనవేలు చీరుకుపోయింది. ‘‘మన జెల్లలకూ ఉంటాయిరా ముళ్లు, ఇంత పొగరుండదు’’ అంటూ రక్తం కారుతున్న వేలిని ఉప్పునీళ్లలో ముంచి నవ్వారు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో! మధ్యాహ్నం ఇంట్లో చింతపండు వేసి ఇగురు. కోడలు మనవడికని నాలుగు ముక్కలు విడిగా వేయించింది. పెద్దాయన ఊళ్లోని స్నేహితులకు ఫోన్ చేసి, రబ్బరు చేప సంగతి అరగంట చెప్పారు. ఎవరూ నమ్మలేదు.

డెబ్భై నాలుగు

జనవరి మధ్యలో ఓ శనివారం. అదే బోదె, అదే పాటు. దెబ్బ మాత్రం అలా లేదు. టక్కుమనలేదు. కొక్కెం దుంగకు తగిలినట్టు ఆగిపోయింది. ఆయన రాయేమో అనుకుని లాగారు. రాయి కదిలింది.

ఫ్లాట్‌హెడ్ పారిపోయేటప్పుడు నీళ్ల పైకి రాదు. అడుగునే ఉండి లాక్కుపోతుంది. చక్రం గిర్రున తిరిగింది, దారం ముప్ఫై గజాలు పోయింది. కొడుకు వెనక నుంచి చెబుతున్నాడు: ‘‘బిగించకండి... పోనివ్వండి... ఇప్పుడు చుట్టండి.’’ ఒడ్డుకొచ్చాకే అసలు గండం. ఈ చేప అప్పటిదాకా బుద్ధిగా వచ్చి, మనిషి కనిపించగానే తల విదిలిస్తుంది. చాలా చేపలు తప్పించుకునేది ఆఖరి రెండడుగుల్లోనే. తల నీళ్ల పైకి లేవకుండా లాక్కురావాలి, తల వైపు నుంచే వల కింద పెట్టాలి. మనవడు రబ్బరు వల పట్టుకుని నడుం లోతులో నిలబడ్డాడు. పది నిమిషాల తర్వాత వలలో పడ్డదాన్ని చూసి ముగ్గురూ కాసేపు మాట్లాడలేదు. తలే ఆయన రెండు అరచేతులంత వెడల్పుంది.

పిల్లాడు కొలత పట్టాను నీళ్లతో తడిపాడు. చేపను ఎండిన దాని మీద పెట్టకూడదు, పైనుండే జిగురు పొర పోతుంది. మూతిని గట్టుకు ఆనించి తోక దగ్గర చూశాడు.

‘‘సెవెంటీ ఫోర్! తాతయ్యా, వదిలేయాలి.’’

‘‘ఏం వదిలేయాలి?’’

‘‘దీన్నే. సెవెంటీ దాటింది.’’

పెద్దాయన కొడుకు వంక చూశారు. కొడుకు అవునన్నట్టు తలూపాడు. ఆ రాష్ట్రంలో డస్కీ ఫ్లాట్‌హెడ్ 36 సెంటీమీటర్ల కన్నా చిన్నదైతే ఉంచుకోకూడదు. 2023 నవంబరు నుంచి 70 దాటినదీ ఉంచుకోకూడదు. అంతకు ముందు మనిషికి రోజుకు పది ఉంచుకోవచ్చు, వాటిలో 70 దాటింది ఒకటి ఉండొచ్చు. ఇప్పుడు అయిదే, అవీ ఆ రెండు కొలతల మధ్యవే. పక్క రాష్ట్రం క్వీన్స్‌లాండ్‌లోనూ పెద్దవాటిని వదిలేయాలన్న నిబంధన ఉంది, కొలతలే వేరు.

‘‘చిన్నది వదలమంటే అర్థముంది. పెద్దది వదలడమేంట్రా? ఒక్క ఫొటో తీసి, ఇంటికి పట్టుకెళ్లి, మీ అమ్మకు చూపించి...’’

‘‘ఫొటో తీస్తాను. ఇంటికి కుదరదు నాన్నగారూ.’’

ఫొటో తీశాడు. పిల్లాడు చేపను రెండు చేతులతో నీళ్లలో నిలువుగా, తల ప్రవాహానికి ఎదురుగా పట్టుకున్నాడు. మొప్పలు తెరుచుకుని మూసుకుంటున్నాయి. కాసేపటికి తోక ఒక్కసారి ఊపింది. ఇసుక రంగు ఇసుకలో కలిసిపోయింది.

ఇంటికొచ్చేదాకా కారులో మాటల్లేవు. ఫొటో ఊళ్లోని వాట్సప్ బృందానికి వెళ్లింది. ‘ఎన్ని కిలోలు?’, ‘ఎంత కూరైంది?’ అని వరసగా ప్రశ్నలు. వదిలేశామని రాస్తే నవ్వే బొమ్మలు. ఒకాయనైతే, ఫొటో ఎక్కడ సంపాదించావని అడిగాడు. లాకు దగ్గర ఆయన మాటకు ఎదురు లేదు. అరవై ఎనిమిదేళ్ల మనిషి జన్మలో పట్టిన అతి పెద్ద చేప అది. తొమ్మిదేళ్ల పిల్లాడు చెబితే వదిలేయాల్సి వచ్చింది. రెండు రోజులు ముభావంగా ఉన్నారు. పెద్దావిడ భోజనానికి పిలిస్తే ‘ఆకలి లేదు’ అన్నారు.

మూడో రోజు కొడుకు ఆఫీసు నుంచి వచ్చి, సోఫాలో పక్కన కూర్చుని చెప్పాడు. ఈ చేపల్లో మగవి అంతగా పెరగవు. 60 సెంటీమీటర్లు దాటినవి దాదాపు అన్నీ ఆడవే. మగవే పెద్దయ్యాక ఆడవిగా మారతాయని ఒకప్పుడు అనుకునేవాళ్లు, తర్వాత జరిగిన పరిశోధనల్లో అలా కాదని తేలింది. ఆడవి త్వరగా, ఎక్కువగా పెరుగుతాయంతే. అవి ఎండాకాలంలో, అంటే అక్కడి డిసెంబరు, జనవరి నెలల్లో, ఉప్పుటేటి మొగ దగ్గరికొచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో పెద్దదాని కడుపులో గుడ్లు లక్షల్లో ఉంటాయి. చిన్న ఆడచేప పెట్టే వాటికి ఎన్నో రెట్లు.

‘‘అది గుడ్లతో ఉందంటావా?’’

‘‘ఉండే ఉంటుంది. నెల అదే కదా.’’

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది ఫ్లాట్‌హెడ్ గురించి కాదు, పులస గురించి. పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊళ్లో పుట్టినవాళ్లు మరి! వరద నీటికి సముద్రంలోంచి గోదావరికి ఎదురీది వచ్చేది గుడ్లు పెట్టడానికే. వచ్చేదాన్ని వచ్చినట్టే పట్టేయడం. అందులోనూ గుడ్డున్న పులసకే ధర ఎక్కువ. ఆయన చిన్నప్పుడు ఆ కాలంలో పులస ఇంటింటా వండేవారట. ఉద్యోగంలో ఉండగా ఏడాదికోసారి కొనేవారు. ఇప్పుడు ఒక్క చేప వేలల్లో పలికితే, పేపర్లో ఫొటో వేస్తున్నారు.

‘‘గుడ్డు పులస దొరికితే ఎంతైనా ఇచ్చి కొన్నాను. మీ చిన్నప్పుడు గుడ్డు నీకే పెట్టేది మీ అమ్మ’’ అన్నారు. కాసేపాగి, ‘‘ఆ గెడ విరవకుండా ఉండాల్సిందిరా’’ అని లేచి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. కొడుకు టీవీ వైపే చూస్తూ కూర్చున్నాడు. టీవీ ఆపేసి ఉంది.

వీసా గడువు ఇంకో మూడు వారాలుందనగా ఆఖరిసారి వెళ్లారు. ఈసారి పాటు బాగా దిగింది. బోదె నోటి దగ్గర ఎప్పుడూ నీళ్లుండే చోటు కూడా బయటపడింది. తడి ఇసుక మీద అచ్చులు. ఫ్లాట్‌హెడ్ పడుకుని లేచిపోయిన చోట దాని ఒళ్లు అచ్చు గుద్దినట్టు ఉంటుంది. ముందు వెడల్పుగా తల, అక్కణ్నుంచి సన్నబడుతూ తోక. అక్కడి గాలపువాళ్లు ముందు వెతికేది వీటినే. ఖాళీ గుంటలే గానీ, పోటుకు నీళ్లొచ్చాక చేప మళ్లీ ఆ దగ్గర్లోనే పడుకునే అవకాశం ఉంది. ఏ వైపు తలపెట్టిందో చూస్తే, నీళ్లు ఎటు పారుతుండగా మాటేసిందో తెలుస్తుంది.

చాలా వరకు జానెడు, జానెడున్నర గుంటలు. పాయ వంపులో ఒక్కటి వేరుగా ఉంది. పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని జానలతో కొలిచారు. మూడు జానలు, ఇంకా కొంచెం.

‘‘మనదేనా తాతయ్యా?’’

‘‘ఏమో. అయ్యుండొచ్చు.’’

నీళ్లు తిరిగొస్తున్నాయి. ముందు పాయలోకి, ఆ తర్వాత చిన్న పల్లాల్లోకి. గుంట అంచులు మెత్తబడి కరిగిపోయాయి. ఆయన తన కర్ర మనవడి చేతికిచ్చి, వాడి భుజాలు పట్టుకుని నాలుగడుగులు పక్కకు జరిపారు.

‘‘ఆవిడ జోలికి పోవద్దు. అదిగో, ఆ రెండో బోదెలోకి వెయ్యి. నేల తగిలేదాకా ఆగు... ఆగు...’’